థెరపిస్టులు తయారవుతున్నారు, సెంటర్‌ను నడిపేవారు ఎక్కడ? వికలాంగుల సేవారంగంలో పీజీ చదువులపై విశ్లేషణ

క్లుప్తంగా: మన దేశంలో వికలాంగుల సేవలకు సంబంధించిన పీజీ కోర్సుల్లో ఎక్కువ భాగం చికిత్స, బోధన నేర్పుతాయి. ఒక కేంద్రాన్నో, హాస్టల్‌నో, జిల్లా స్థాయి కార్యక్రమాన్నో నడిపించే పనికి విడిగా చదువు దాదాపు లేదు. ఈ లోటుకు యూనివర్సిటీలతో పాటు రిజిస్ట్రేషన్ నియమాలు, గ్రాంట్ల లెక్కలు కూడా కారణం. బ్రిటన్, ఆస్ట్రేలియా, అమెరికా ఈ సమస్యను మూడు వేర్వేరు దారుల్లో పట్టుకున్నాయి. వాటిలో ఏ ఒక్కటీ ఇక్కడికి యథాతథంగా సరిపోదు.

ఏటా అడ్మిషన్ల కాలంలో ఈ రంగంలో ఒకే ప్రశ్న రకరకాలుగా వినిపిస్తుంది. స్పెషల్ బీఈడీ చేసి ఏడెనిమిదేళ్లు పాఠాలు చెప్పిన టీచర్లు, ఎంఎస్‌డబ్ల్యూ పూర్తిచేసి ఎన్జీవోల్లో చేరిన ఉద్యోగులు, ఆటిజం ఉన్న తమ బిడ్డ కోసం చిన్న సెంటర్ మొదలుపెట్టి చూస్తుండగానే యాభై మంది పిల్లల బాధ్యత నెత్తికెత్తుకున్న తల్లిదండ్రులు... వీరందరికీ ఒక దశలో పని స్వభావమే మారిపోతుంది. అప్పటిదాకా పిల్లల పక్కన కూర్చుని చేసిన పని. ఇక మీదట జీతాల పట్టిక, డ్యూటీ చార్టు, గ్రాంటు ఫైలు, తనిఖీ, ఫిర్యాదు. దీనికి ఏ పీజీ చదవాలి? స్పెషల్ ఎడ్యుకేషన్‌లో ఎంఈడీయా, డిజెబిలిటీ స్టడీస్‌లో ఎంఏనా, ఎంబీఏనా?

ఈ ప్రశ్న ఇటీవల మరింత చిక్కుపడింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చాక చట్టం గుర్తించే వైకల్యాలు 7 నుంచి 21కి పెరిగాయి. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ప్రైవేటు థెరపీ సెంటర్లు వీధివీధికీ కనిపిస్తున్నాయి. మరోవైపు యూజీసీ ఎంఫిల్ డిగ్రీని ఎత్తేసింది. క్లినికల్ సైకాలజీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్ ఎంఫిల్‌లకు మాత్రం 2025–26 విద్యాసంవత్సరం దాకా గడువిచ్చింది. ఈ రంగంలో పెద్ద చదువుగా చెలామణీ అయినవాటిలో ఎంఫిల్ ముఖ్యమైనది కాబట్టి, పై మెట్టుకు వెళ్లాలనుకున్నవారికి తెలిసిన దారి మూసుకుపోయి కొత్త దారి ఇంకా తేలని పరిస్థితి వచ్చింది.

సెంటర్ హెడ్ పనిలో ఏముంటుంది

చదువు సంగతి తేలాలంటే ముందు పని సంగతి తేలాలి. ఒక మోస్తరు డే కేర్ కేంద్రాన్ని తీసుకుందాం. నలభై మంది పిల్లలు, ఆరుగురు స్పెషల్ ఎడ్యుకేటర్లు, వారానికి మూడు రోజులు వచ్చే స్పీచ్ థెరపిస్టు, ఒక ఫిజియోథెరపిస్టు, నలుగురు ఆయాలు, ఇద్దరు వ్యాన్ డ్రైవర్లు. ఇక్కడ స్పెషల్ ఎడ్యుకేటర్లు, స్పీచ్ థెరపిస్టు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ) కిందికి వస్తారు. ఫిజియోథెరపిస్టు 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కిందికి వస్తారు. ఆయాలు, డ్రైవర్లు ఏ కౌన్సిల్ కిందికీ రారు. కానీ పిల్లల పక్కన ఎక్కువ గంటలు గడిపేది వాళ్లే. బట్టలు మార్చేది, అన్నం పెట్టేది, వ్యాన్ ఎక్కించేది వాళ్లే. వేధింపు జరిగినా, నిర్లక్ష్యం జరిగినా మొదట తెలిసే అవకాశం ఉన్నదీ వాళ్లకే.

థెరపిస్టు ఆలోచన ఎదురుగా ఉన్న ఒక్క బిడ్డ చుట్టూ తిరుగుతుంది. అలాగే తిరగాలి కూడా. సెంటర్ హెడ్ ఆలోచన వేరు. స్పీచ్ థెరపిస్టు వారానికి ఇచ్చేది పద్దెనిమిది గంటలు, అవసరం ఉన్న పిల్లలు ముప్పై మంది అనుకుంటే ఎవరికి ఎన్ని సెషన్లు? త్వరగా మాటలు వచ్చే అవకాశం ఉన్న చిన్న పిల్లలకా, ఎవరూ పట్టించుకోక ఇన్నాళ్లూ మిగిలిపోయిన పదిహేనేళ్ల వాడికా, ఫీజు పూర్తిగా కట్టగలిగిన కుటుంబానికా? ఈ ప్రశ్నకు స్పీచ్ పాథాలజీ పుస్తకంలో జవాబు దొరకదు, ఎంబీఏ పుస్తకంలోనూ దొరకదు. రోజూ ఎవరో ఒకరు ఏదో ఒక జవాబు మాత్రం ఇస్తూనే ఉంటారు, చాలాసార్లు తెలియకుండానే.

దీని మీద చట్టాల బరువు ఉంది. పోక్సో చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చని అనుమానం వచ్చినా పోలీసులకు చెప్పి తీరాలి. సంస్థ బాధ్యుడు తన కింద పనిచేసే వ్యక్తి చేసిన నేరాన్ని చెప్పకుండా దాచిపెడితే 21వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, జరిమానా. హాస్టల్ నడిపి పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలను ఉంచుకుంటే 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద రిజిస్ట్రేషన్ ప్రశ్న వస్తుంది. పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి సంరక్షకుల నియామకం కావాలంటే 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి వెళ్లాలి. పదిమంది లేదా అంతకంటే ఎక్కువ సిబ్బంది ఉంటే మహిళలపై లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ వేయాలి. వీటిలో ఏ ఒక్కటీ తెలియకపోయినా సెంటర్ మామూలుగానే నడుస్తున్నట్టు కనిపిస్తుంది. ఏదైనా జరిగిన రోజున గానీ లోటు బయటపడదు.

2024 జులైలో ఢిల్లీ రోహిణిలోని ఆశా కిరణ్ అనే ప్రభుత్వ ఆశ్రమంలో ఒక్క నెలలోనే పది మందికి పైగా మరణించారని వార్తలు వచ్చాయి. మేధోపరమైన వైకల్యం ఉన్నవారి కోసం నడిపే ఆ ఆశ్రమంలో సామర్థ్యానికి మించి మనుషులున్నారన్నది అప్పటికే పాత సంగతి. అలాంటి చోట ఒక నర్సో, ఒక స్పెషల్ ఎడ్యుకేటరో ఎంత మంచివారైనా చేయగలిగింది కొంతే. కొత్తగా మరొకరిని చేర్చుకోలేమని పై అధికారికి రాతపూర్వకంగా చెప్పడం, నీళ్లు, మందులు, రాత్రి డ్యూటీల లెక్క రోజూ చూడటం, ఒక మరణం జరగ్గానే రెండోది జరగకుండా కారణం వెతకడం... ఇవన్నీ బాధ్యుల స్థాయిలో జరగాల్సిన పనులు.

చట్టంలో గడి ఉంది, అందులో మనుషులు లేరు

ఆర్‌సీఐ 1986లో సొసైటీగా మొదలైంది. 1992లో పార్లమెంటు దానికి చట్టం చేసింది. 1993 జూన్ 22 నుంచి అది చట్టబద్ధ సంస్థ. గుర్తింపు పొందిన కోర్సు చదివినవారి పేర్లు కేంద్ర పునరావాస రిజిస్టర్‌లో చేరతాయి. ఈ రంగంలో అందరూ సీఆర్‌ఆర్ నంబరు అనేది దాన్నే. నంబరు లేకుండా ప్రాక్టీసు చేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. (వెయ్యి రూపాయలు 1992 నాటి మొత్తం. ఇప్పుడు ఒక సెషన్ ఫీజుకే కొన్నిచోట్ల అంతవుతోంది.)

ఆర్‌సీఐ పరిధిలో ఉన్నవి 16 వృత్తి వర్గాలు. ఆడియాలజిస్టులు, క్లినికల్ సైకాలజిస్టులు, స్పెషల్ టీచర్లు, కృత్రిమ అవయవాల నిపుణులు అందరికీ తెలిసినవారే. ఆ జాబితాను చివరిదాకా చదివితే మరో రెండు పేర్లు కనిపిస్తాయి. ఒకటి పునరావాస కౌన్సెలర్లు, అడ్మినిస్ట్రేటర్లు. రెండోది పునరావాస వర్క్‌షాప్ మేనేజర్లు. అంటే సంస్థను నడిపించడం ఒక ప్రత్యేక వృత్తి అన్న సంగతి ఈ వ్యవస్థను కట్టినవారికి ముప్పై ఏళ్ల కిందటే తెలుసు. డిజెబిలిటీ రిహాబిలిటేషన్ అడ్మినిస్ట్రేషన్‌లో మాస్టర్స్ అన్న పేరు ఆర్‌సీఐ కోర్సుల్లో ఉంటూ వచ్చింది కూడా. కానీ ఒక వృత్తి నిలబడాలంటే కోర్సు ఒక్కటీ చాలదు. ఆ కోర్సు చదివినవారినే పెట్టుకోవాలనే షరతు ఎక్కడో ఒకచోట ఉండాలి.

స్పెషల్ టీచర్ల విషయంలో అలాంటి షరతు క్రమంగా గట్టిపడింది. రజనీష్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు 2021లో ఇచ్చిన ఆదేశాల తర్వాత ప్రాథమిక స్థాయిలో వైకల్యం ఉన్న ప్రతి 10 మంది పిల్లలకు, పై తరగతుల్లో ప్రతి 15 మందికి ఒక స్పెషల్ ఎడ్యుకేటర్ ఉండాలన్న నిష్పత్తి వచ్చింది. దాంతో ఆ చదువుకు గిరాకీ పెరిగింది. సంస్థల అధిపతుల విషయంలో అలాంటి నిష్పత్తీ లేదు, అర్హతా లేదు. 2016 చట్టంలోని 50, 51 సెక్షన్లు వికలాంగుల సంస్థలకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేశాయి. సౌకర్యాలు, ప్రమాణాలు ఎలా ఉండాలో తేల్చే పనిని రాష్ట్ర ప్రభుత్వాలకు వదిలాయి. ఆ సంస్థను నడిపే వ్యక్తి ఏం చదివి ఉండాలో కేంద్ర చట్టం చెప్పలేదు. అదే చట్టంలోని 47వ సెక్షన్ యూనివర్సిటీలన్నీ డిజెబిలిటీ స్టడీస్‌లో బోధన, పరిశోధనలను ప్రోత్సహించాలని, అధ్యయన కేంద్రాలు పెట్టాలని అంటుంది. ఇది కోరికలా మిగిలిన సెక్షన్. పెట్టకపోతే ఏమవుతుందో అందులో లేదు.

గ్రాంటు లెక్కల్లో మేనేజర్ జీతం

ఈ రంగంలో ఎక్కువ సంస్థలు మూడు రకాల డబ్బుతో నడుస్తాయి: ప్రభుత్వ గ్రాంటు, విదేశీ విరాళం, కంపెనీల సామాజిక బాధ్యత నిధులైన సీఎస్‌ఆర్. కుటుంబాలు కట్టే ఫీజు నాలుగోది. అది ఊళ్లలోని కేంద్రాలకు నామమాత్రం, నగరాల్లోని ప్రైవేటు సెంటర్లకు ప్రాణాధారం.

విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్‌ఏను 2020లో సవరించినప్పుడు పరిపాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. ఇక్కడ గమనించాల్సిన మెలిక ఒకటుంది. ఆస్పత్రిలో డాక్టరు జీతం, బడిలో టీచరు జీతం వంటివి సేవలో భాగంగా లెక్కకు వస్తాయి. కార్యకలాపాలను నిర్వహించే వ్యక్తుల జీతం పరిపాలనా ఖర్చులో పడుతుంది. ఆ 20 శాతంలోనే ఆఫీసు అద్దె, కరెంటు, అకౌంటెంటు, ఆడిట్ ఫీజు అన్నీ సర్దుకోవాలి. అందువల్ల అదే జీతానికి ఒక సంస్థ మంచి థెరపిస్టును తేలిగ్గా పెట్టుకోగలదు, మంచి మేనేజర్‌ను పెట్టుకోవాలంటే మాత్రం ఆలోచిస్తుంది. దుర్వినియోగాన్ని ఆపాలన్న ఉద్దేశంతో పెట్టిన పరిమితి, పర్యవేక్షణ చేసే పోస్టునే సన్నబరిచింది.

కేంద్ర ప్రభుత్వ గ్రాంటుదీ దాదాపు ఇదే దారి. దీన్‌దయాళ్ వికలాంగుల పునరావాస పథకం ప్రాజెక్టు ఖర్చులో 90 శాతం దాకా భరిస్తుంది. ఏ పోస్టుకు ఎంత గౌరవ వేతనమో ముందే ఖరారై ఉంటుంది. గ్రాంటు చాలాసార్లు వచ్చేది సంవత్సరం గడిచాక, యుటిలైజేషన్ సర్టిఫికెట్, తనిఖీ నివేదిక వెళ్లాక. మధ్యలో సిబ్బంది జీతాలు ఎలా ఇస్తారన్నది బాధ్యుల తలనొప్పి. ఈ నగదు ప్రవాహాన్ని నెట్టుకురావడమే ఒక ప్రత్యేక నైపుణ్యం. ఏ పీజీ సిలబస్‌లోనూ దీనికి ఒక్క పాఠం ఉన్నట్టు కనిపించదు. కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద లాభాల్లో 2 శాతం ఖర్చు పెట్టాల్సిన సంస్థలు కూడా చక్రాల కుర్చీలు, వినికిడి యంత్రాలు, భవనాలు ఇవ్వడానికి ముందుకొచ్చినంతగా అయిదేళ్లపాటు ఒక సూపర్‌వైజర్ జీతం ఇవ్వడానికి రావు. ఫొటోలో కనిపించేది చక్రాల కుర్చీ కదా!

ఫలితంగా నాయకత్వం మూడు దారుల్లో వస్తోంది. బాగా పనిచేసిన థెరపిస్టునో, సీనియర్ టీచర్‌నో ప్రిన్సిపాల్‌ను చేస్తారు. మంచి థెరపిస్టు ఒకరు తగ్గుతారు, శిక్షణ లేని మేనేజర్ ఒకరు పెరుగుతారు. రెండోది వ్యవస్థాపకులే, ముఖ్యంగా తల్లిదండ్రులే, చివరిదాకా నడపడం. మన దేశంలో చాలా మంచి సంస్థలు అలా పుట్టినవే. కానీ మా తర్వాత మా బిడ్డను ఎవరు చూస్తారన్న దిగులుతో మొదలుపెట్టిన సంస్థకే, మా తర్వాత ఈ సంస్థను ఎవరు చూస్తారన్న దిగులు పట్టుకుంటుంది. మూడోది డిప్యుటేషన్ మీద అధికారి రావడం. పని అర్థమయ్యేసరికి బదిలీ వస్తుంది.

తెలుగు రాష్ట్రాల్లో ఇది ఎలా కనిపిస్తుంది

2011 జనాభా లెక్కల్లో దేశంలో 2.68 కోట్ల మంది వికలాంగులు నమోదయ్యారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 22.7 లక్షలు. రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ సాయం అనగానే మొదట గుర్తొచ్చేది పింఛను. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి నెలకు 6,000 రూపాయలు, పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 15,000. తెలంగాణలో 2023 నుంచి 4,016. దీనికి కావాల్సిన యంత్రాంగం వైకల్య శాతాన్ని నిర్ధారించే సదరం క్యాంపు, సర్టిఫికెట్, బ్యాంకు ఖాతా. పింఛను పంపిణీకి క్లరికల్ క్రమశిక్షణ చాలు. సేవకు మనుషులు, వాళ్లకు పర్యవేక్షణ కావాలి. మన రాజకీయ చర్చ ఎప్పుడూ పింఛను ఎంత అన్నదాని దగ్గరే ఆగుతుంది కాబట్టి సేవలను ఎవరు నడుపుతున్నారన్న ప్రశ్న ఎన్నికల వేదిక దాకా రాదు.

మండలాల్లో సేవ అన్నది కంటికి కనిపించే చోటు భవిత కేంద్రం. సమగ్ర శిక్ష కింద నడిచే ఈ కేంద్రాల్లో ఐఈఆర్‌పీలుగా పిలిచే రిసోర్స్ పర్సన్లు పనిచేస్తారు, ఎక్కువగా కాంట్రాక్టు మీద. పిల్లలకు చెప్పడం, ఇంటి దగ్గరకు వెళ్లి చూడటం, సదరం క్యాంపుకు తీసుకెళ్లడం, ఫిజియోథెరపీ రోజున ఏర్పాట్లు చేయడం, రిపోర్టులు అప్‌లోడ్ చేయడం అన్నీ వాళ్లే. పదేళ్లు ఇలా చేసినవారికి ఒక చిన్న సంస్థను నడిపించినంత అనుభవం వస్తుంది. ఆ అనుభవాన్ని గుర్తించి పైకి తీసుకెళ్లే మెట్టు మాత్రం లేదు. పీజీ చేసినా పోస్టు అదే, జీతం దాదాపు అదే.

చదువుల వైపు చూస్తే హైదరాబాద్‌కు ఉన్నంత వనరు దేశంలో తక్కువ నగరాలకే ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో ఎన్ఐఎంహెచ్‌గా మొదలైన జాతీయ సంస్థ ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ. మేధోపరమైన వైకల్యం విషయంలో స్పెషల్ ఎడ్యుకేషన్, పునరావాస మనస్తత్వశాస్త్రం, శిశువుల్లో వైకల్యాన్ని తొందరగా గుర్తించి సాయం మొదలుపెట్టే ముందస్తు జోక్యం వంటి కోర్సులకు దేశమంతా దానివైపు చూస్తుంది. వినికిడి, మాట సమస్యలకు అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్‌లోనే ఉంది. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో డిజెబిలిటీ స్టడీస్ కేంద్రం ఉంది. భవనాలు, రవాణా, వెబ్‌సైట్ల అందుబాటు మీద ఆ కేంద్రం ఇచ్చిన నివేదిక ఆధారంగా సుప్రీంకోర్టు 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరీ కేసులో కీలకమైన తీర్పు ఇచ్చింది. అందుబాటు ప్రమాణాలను మార్గదర్శకాలుగా వదిలేస్తే కుదరదు, తప్పనిసరి నియమాలు కావాలని చెప్పింది. రేపు ఆ నియమాలు గట్టిగా అమలైతే ప్రతి కాలేజీ, ఆస్పత్రి, కంపెనీ వాటిని అర్థం చేసుకుని అమలు చేయించే మనిషిని వెతుక్కోవాలి. వైకల్య సేవల్లో నాయకత్వ పోస్టు అనగానే ఎన్జీవో ఒక్కటే గుర్తొచ్చే రోజులు అక్కడితో పోవచ్చు.

చికిత్స, చట్టం రెండూ ఒకే నగరంలో ఉన్నాయి. ఈ రెండింటినీ, మేనేజ్‌మెంట్‌ను కలిపి చెప్పే తరగతి గది లేదు.

ఇప్పుడున్న కోర్సులు ఏమిస్తాయి, ఏమివ్వవు

వీటిని రెండు గుంపులుగా చూస్తే గందరగోళం సగం తగ్గుతుంది: సీఆర్‌ఆర్ నంబరు తెచ్చేవి, తేనివి.

స్పెషల్ ఎడ్యుకేషన్‌లో రెండేళ్ల ఎంఈడీ, ఆడియాలజీ–స్పీచ్ పాథాలజీ మాస్టర్స్, ముందస్తు జోక్యంలో పీజీ డిప్లొమా వంటివి మొదటి గుంపు. వీటితో వచ్చే అధికారం నికరమైనది. సంతకం చేయవచ్చు, సొంతంగా ప్రాక్టీసు పెట్టవచ్చు, టీచర్ ట్రైనింగ్ కాలేజీలో చెప్పవచ్చు. సంస్థను నడిపించడం మీద ఒకటో రెండో పేపర్లుంటే ఉండవచ్చు.

రెండో గుంపులో డిజెబిలిటీ స్టడీస్ ఎంఏలు, సాధారణ ఎంఎస్‌డబ్ల్యూ, డెవలప్‌మెంట్ స్టడీస్, ఎంబీఏ వస్తాయి. ముంబయిలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థ టిస్‌లో వైకల్యాన్నే ప్రత్యేకాంశంగా తీసుకుని నడిపిన సోషల్ వర్క్ మాస్టర్స్ ఈ రంగంలో చాలామంది నాయకులను తయారుచేసింది. డిజెబిలిటీ స్టడీస్ ప్రత్యేకత దాని చూపులో ఉంది. లోపం మనిషి శరీరంలో ఉందనుకునే వైద్య ధోరణిని అది ప్రశ్నిస్తుంది. మెట్లు కట్టి ర్యాంపు కట్టనివాడి నిర్ణయాన్ని లెక్కలోకి తెస్తుంది. సెంటర్ హెడ్‌కు ఈ చూపు అవసరం. అయితే ఆ డిగ్రీతో థెరపీ ప్రాక్టీసు చేయడానికి నంబరు రాదు. విదేశంలో అదే పేరుతో చదివి వచ్చినా నంబరు దానంతటది రాదు. ఫీజు కట్టాక ఈ సంగతి తెలుసుకుని బాధపడేవారు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. ఎంబీఏ విషయానికొస్తే బడ్జెట్, హెచ్‌ఆర్, ఆపరేషన్స్ పనికొస్తాయి. అందులో కస్టమర్ అన్న భావన మాత్రం ఇక్కడ తడబడుతుంది. ఫీజు కట్టేది తండ్రి, డబ్బు ఇచ్చేది దాత, సేవ అందుకునేది మాటలు రాని ఇరవై ఏళ్ల యువతి. ముగ్గురికీ మూడు కోరికలుంటే కస్టమర్ ఎవరు?

పనిలో ఉన్నవారికి ప్రస్తుతం ఎక్కువగా కుదురుతున్నది అతుకుల దారే: చేతిలో సీఆర్‌ఆర్ వచ్చే డిగ్రీ ఒకటి, దానిపైన పని చేస్తూనే చట్టం లేదా నాన్‌ప్రాఫిట్ మేనేజ్‌మెంట్‌లో ఏడాది డిప్లొమా. తల్లిదండ్రులు నడిపే సంస్థలకు ఇది తిరగబడుతుంది. వాళ్లు స్వయంగా థెరపీ చేయరు కాబట్టి నంబరు కంటే హక్కుల చట్టం, ఆర్థిక నిర్వహణ, సిబ్బంది పర్యవేక్షణ మీద పట్టు ముఖ్యం.

బయటి దేశాల్లో మూడు పద్ధతులు

బ్రిటన్ పీజీ డిగ్రీని పట్టుకోలేదు, మనిషిని పట్టుకుంది. ఇంగ్లండ్‌లో సంరక్షణ సేవలు అందించే చాలా సంస్థలకు రిజిస్టర్డ్ మేనేజర్ ఉండాలి. ఆ వ్యక్తి పేరు నియంత్రణ సంస్థ సీక్యూసీ దగ్గర నమోదవుతుంది. తప్పు జరిగితే సంస్థతో పాటు ఆ వ్యక్తీ జవాబు చెప్పాలి. చదువుగా ఎక్కువమంది చేసేది లెవెల్ 5 డిప్లొమా, అంటే వృత్తి విద్య. ఈ పోస్టు ఎందుకంత ముఖ్యమో 2011లో తెలిసింది. బ్రిస్టల్ సమీపంలోని వింటర్‌బోర్న్ వ్యూ అనే ప్రైవేటు ఆస్పత్రిలో మేధోపరమైన వైకల్యం, ఆటిజం ఉన్నవారిని సిబ్బంది కొడుతున్న దృశ్యాలను బీబీసీ రహస్యంగా చిత్రీకరించి ప్రసారం చేసింది. 11 మంది సిబ్బంది దోషులుగా తేలారు, ఆరుగురు జైలుకెళ్లారు. అక్కడ చాలాకాలం రిజిస్టర్డ్ మేనేజరే లేరన్న సంగతి తర్వాత బయటపడింది.

ఆస్ట్రేలియా డబ్బు ద్వారా పట్టుకుంది. 2013 చట్టంతో మొదలైన జాతీయ వైకల్య బీమా పథకం ఎన్‌డీఐఎస్‌లో గ్రాంటు సంస్థకు వెళ్లదు, వ్యక్తి పేరిట ప్లాన్‌గా వస్తుంది. ఆ డబ్బుతో సేవ ఎవరి దగ్గర కొనుక్కోవాలో ఎక్కువగా ఆ వ్యక్తి ఇష్టం. ఇప్పుడు 7 లక్షల మందికి పైగా ఇందులో ఉన్నారు. మెల్‌బోర్న్, సిడ్నీల్లో ఐటీలోనో అకౌంటింగ్‌లోనో మాస్టర్స్ చేస్తూ వారాంతాల్లో సపోర్ట్ వర్కర్లుగా పనిచేసే తెలుగు విద్యార్థులకు ఈ వ్యవస్థ బాగా తెలుసు. 2018 నుంచి ప్రత్యేక నియంత్రణ కమిషన్ ఉంది. రిజిస్టర్డ్ సంస్థల పాలన, ఫిర్యాదుల పరిష్కారం, రిస్క్ నిర్వహణలను నిర్దేశిత ప్రమాణాల మీద ఆడిట్ చేస్తారు. సంస్థలోని కీలక వ్యక్తులు తగినవారా అని చూస్తారు. ఫలానా పీజీ ఉండాలన్న షరతు మాత్రం లేదు. అయినా ఇది సరిపోలేదు. హింస, వేధింపులపై వేసిన రాయల్ కమిషన్ 2023 సెప్టెంబర్‌లో 222 సిఫార్సులతో తుది నివేదిక ఇచ్చింది. కొనుక్కునేవాడికి ఎంపిక ఇస్తే నాణ్యత దానంతటదే వస్తుందన్న అంచనా ఎక్కడ తప్పుతుందో ఆ నివేదికలో చూడవచ్చు. ఆ అనుభవం నుంచి మన విద్యార్థులు తెలుసుకోవాల్సిన మరో సంగతి కూడా ఉంది. వారాంతపు సపోర్ట్ వర్క్ మంచి అనుభవమే గానీ, దాన్ని డిగ్రీగా ఎవరూ లెక్కించరు. అక్కడే పై పోస్టుకు వెళ్లాలంటే సర్టిఫికెట్, డిప్లొమా స్థాయి అర్హతలు మళ్లీ చేయాల్సి వస్తుంది. బ్రిటన్‌లో అయితే విదేశాల నుంచి కొత్తగా కేర్ వర్కర్లను తీసుకునే వీసా దారి 2025 జులై 22న మూసుకుపోయింది.

పీజీ స్థాయిలో నాయకత్వాన్ని నేరుగా నేర్పడానికి ప్రయత్నించింది అమెరికా. లెండ్ అనే శిక్షణ కార్యక్రమం పేరులోనే నాయకత్వం ఉంది (మొదటి అక్షరం లీడర్‌షిప్‌ది). ఫెడరల్ నిధులతో 50కి పైగా చోట్ల, యూనివర్సిటీలకు అనుబంధంగా నడుస్తుంది. దీర్ఘకాలిక ట్రైనీలు కనీసం 300 గంటలు చేయాలి. పిల్లల వైద్యులు, స్పీచ్ థెరపిస్టులు, సోషల్ వర్కర్లు, లా విద్యార్థులు ఒకే బ్యాచ్‌లో కూర్చుంటారు. వారితో పాటు వైకల్యం ఉన్నవారు, వారి కుటుంబ సభ్యులు కూడా ట్రైనీలుగా ఉంటారు, పాఠానికి ఉదాహరణలుగా కాకుండా. అలాగని అక్కడి సేవలన్నీ సజావుగా లేవు. నేరుగా సేవ చేసే సిబ్బందిలో ఏటా దాదాపు 40 శాతం మంది మానేస్తున్నట్టు రాష్ట్రాల సర్వేలు చెబుతూ వచ్చాయి. జీతం తక్కువన్నది మొదటి కారణం. దాన్ని ఏ కోర్సూ తీర్చలేదు. కానీ మొదటి నెలల్లో కొత్త ఉద్యోగికి ఎవరు తోడుంటారు, కష్టమైన ప్రవర్తన ఎదురైనప్పుడు ఎవరు పక్కన నిలబడతారు అన్నది సూపర్‌వైజర్ చేతిలో ఉంటుంది. దాన్ని నేర్పవచ్చు.

ఈ మూడింటిలో మనకు దగ్గరగా వచ్చేది ఏది? ఎన్‌డీఐఎస్‌లా వ్యక్తికి బడ్జెట్ ఇచ్చే స్థితి ఇక్కడ ఇప్పట్లో లేదు. రిజిస్టర్డ్ మేనేజర్ పద్ధతికి మాత్రం కొత్త చట్టం అక్కర్లేదు. 2016 చట్టం కింద రిజిస్ట్రేషన్‌కు రాష్ట్రాలు పెట్టే ప్రమాణాల్లో బాధ్యుడి పేరు, అర్హత, శిక్షణ చేర్చితే చాలు. ఇందులో ప్రమాదమూ ఉంది. అర్హత షరతు ఒక్కసారిగా పెడితే పాతికేళ్లుగా సంస్థలు నడుపుతున్న తల్లిదండ్రులు, డిగ్రీ లేని వికలాంగ నాయకులు మొదట బయటికి పోతారు. వాళ్లకు అనుభవాన్ని లెక్కలోకి తీసుకునే వెసులుబాటు లేకపోతే ఈ రంగం మళ్లీ కాగితాలున్నవారి చేతుల్లోకే వెళ్తుంది.

కొత్త కోర్సు వస్తే ఎవరికి ఉపయోగం

2016 చట్టం ఉన్నత విద్యలో వికలాంగులకు 5 శాతం సీట్లు, అయిదేళ్ల వయసు సడలింపు ఇచ్చింది. కానీ చక్రాల కుర్చీ వెళ్లని తరగతి గదిలో, స్క్రీన్ రీడర్ చదవలేని స్కాన్ కాపీలతో నడిచే కోర్సులో ఆ సీట్లు నిండవు. వైకల్య సేవల నాయకత్వం నేర్పే కోర్సులోనే ఇలా జరిగితే అంతకంటే విచిత్రం ఉండదు. సైగల భాషా దుబాసీ, ఆన్‌లైన్ మెటీరియల్ వంటివాటి ఖర్చు మొదటి బడ్జెట్‌లోనే రావాలి.

గ్రాంటు నియమాల్లో మేనేజర్ పోస్టుకు తగిన వేతనం రానంతకాలం రెండేళ్ల పూర్తికాలపు డిగ్రీకి లక్షలు కట్టి వచ్చేవారు తక్కువే ఉంటారు. చదివినవారు కార్పొరేట్ కంపెనీల డైవర్సిటీ విభాగాలకు, అంతర్జాతీయ ఎన్జీవోలకు వెళ్లిపోతారు. నెల్లూరు సీఆర్‌సీ లాంటి ప్రాంతీయ పునరావాస కేంద్రాల చుట్టూ ఉన్న చిన్న సంస్థలకు వాళ్లు దొరకరు. అందుకే ఈ రంగంలో మొదట నిలదొక్కుకునే అవకాశం ఉన్నది ఇప్పటికే పనిలో ఉన్నవారి కోసం పెట్టే కోర్సులకు: వారాంతపు తరగతులు, ఏడాది నుంచి ఏడాదిన్నర, పరీక్ష బదులు సొంత సంస్థలోనే చేసి చూపించాల్సిన పని. ఒక సంస్థ ఫిర్యాదుల విధానాన్ని తిరగరాయడం, గ్రాంటు ఆలస్యమైనా మూడు నెలలు జీతాలు ఆగకుండా బడ్జెట్ వేయడం, ఆయాలకు నెలవారీ పర్యవేక్షణ మొదలుపెట్టడం లాంటివి. భవిత కేంద్రాల ఐఈఆర్‌పీలకు ప్రభుత్వం ఫీజు భరించి ఇలాంటి కోర్సుకు పంపగలదు. పూర్తిచేసినవారికి క్లస్టర్ లేదా డివిజన్ స్థాయిలో సూపర్‌వైజర్ పోస్టు చూపించాల్సిన బాధ్యత కూడా అప్పుడు ప్రభుత్వం మీదే పడుతుంది.